మచ్చు కొట్టని ఇల్లు

జులై 4, శుక్రవారం

అప్పలస్వామి బావగారు నన్నన్న మాట నేను మర్చిపోలేదు. మర్చిపోను కూడా. మా భవాని పెళ్లినాడు, మా అరుగు మీద విస్తరి ముందు కూచుని, పెళ్లివారందరూ వింటుండగా అన్నాడు. "మా బావగారికి కాయ తెలుసండి. ఇల్లు తెలీదు." అందరూ నవ్వేరు. వడ్డించేవాళ్లు నవ్వేరు. సన్నాయి వాయించేవాడు సన్నాయి పక్కనబెట్టి మరీ నవ్వేడు. మా ఆవిడ రత్నం కూడా నవ్వింది. అదీ నా బాధ.

జరిగిందేంటంటే అరుగు గోడ నించి సిమెంటు పెచ్చు ఒకటి ఊడి ఆయన పాయసంలో పడింది. వానాకాలం. ఎవరింట్లో ఊడదు పెచ్చు?

వియ్యంకుడికి పరాచికం ఆడే హక్కుంది. కాదన్ను. కానీ పరాచికం ఒకసారి ఆడతారు. ఈయన ఇప్పటికీ మా ఇంటికొస్తే కుర్చీ ఎత్తుకెళ్లి వాకిట్లో కొబ్బరిచెట్టు కింద వేసుకుంటాడు. నెత్తిన కాయ పడినా ఫర్వాలేదంట, మా గోడ కింద మాత్రం కూచోడంట. భవాని కూతురు పదో తరగతికొచ్చింది. ఇంకా చెట్టు కిందే కూచుంటన్నాడు.

ఈ డైరీ పోయినేటిది. ఎరువుల కొట్టువాళ్లిచ్చేరు. వారాలు కలవవు, కొట్టేసి రాసుకుంటన్నా. నేను చదివింది మూడో తరగతి. తప్పులున్నా చదివేది నేనే.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తన్నానంటే, భవాని మస్కట్ నించి వచ్చేసింది. ఇంక వెళ్లదు. అక్కడ ఎవరింట్లోనో వంట చేసి, తను ఎప్పుడు తినేదో ఏంటో, ఇన్నేళ్లూ దాచుకొచ్చింది. అమలాపురంలో ఇల్లు కొనుక్కుంటదంట. అల్లుడు నాగబాబు తాటిపాకలో షిఫ్టు డ్యూటీలు, తీరిక లేదు. ఇల్లు నేను చూస్తానన్నాను. సరే నాన్నా అంది.

చూద్దాం ఎవరికి ఇల్లు తెలీదో.

జులై 6, ఆదివారం

అమలాపురం వెళ్లొచ్చేను. ఇల్లు దొరికింది.

రాజబాబు అని, అమ్మడానికే కట్టేడు. వీళ్ల నాన్న ముత్యాలరాజు అంబాజీపేటలో మా కొట్టుకి ఎడ్లబండి మీద కాయ తోలేవాడు. ఇప్పుడు కొడుకు ఇళ్లు కట్టి అమ్ముతున్నాడు. మంచిదే. ముత్యాలరాజు కూడా వచ్చేడు, ఇంకో నలుగురు పెద్దమనుషులు వచ్చేరు. నాకు కుర్చీ వేసేరు. కొబ్బరినీళ్లిచ్చేరు. నీళ్లు బాగున్నాయి, కాయ ముదిరింది.

ఇల్లంతా తిరిగి గోడగోడా వేలి మెటికతో కొట్టి చూసేను. వయసంతా కొట్టులో కాయ చూసిన మనిషిని. నీరింకి ఎండిన కురిడీ కాయ చెవి దగ్గర ఊపితే లోపల కొబ్బరి గుండు లొడక్కుమనాలి. మెటికతో కొడితే ఖంగుమనాలి. మూగగా ఉందంటే లోపల ఇంకా తడి ఉంది, గుండు చిప్పకంటుకునే ఉంది. అది పక్కన పడెయ్యాలి. మోగేదే కాయ. ఈ చెవిని నమ్మి అంబాజీపేట నించి రాజస్థాన్ దాకా లారీలు వెళ్లేయి. ఒక్క లారీ సరుకు బాలేదని తిరిగి రాలేదు.

హాల్లో పడమటి గోడ గుడిగంటలా మోగింది. కింద నాపరాళ్లు కాదు, టైల్సు. అవీ మోగేయి. వంటింటి దగ్గర గోడ ఒకటి మోగలేదు, అది కొంచెం తక్కువరకం అనుకున్నాను. అంత ఇంట్లో ఒక్క గోడ తక్కువైతే ఏముందిలే.

"పెద్దాయన చెవిలో పడి పాసయిందంటే ఇంకేం కావాలండి," అన్నాడు రాజబాబు.

పడమటి గోడ మీద చెయ్యేసి కాసేపు నించున్నాను. ఎండలో వెళ్లేనేమో, చల్లగా హాయిగా ఉంది గోడ.

అంతే. చూసొచ్చేను.

జులై 7, సోమవారం

బావగారికి ఫోను చేసి ఇల్లు చూసేనని చెప్పేను. ఆయనకి చెప్పాల్సిన పని లేదు, అయినా చెప్పేను. "బాగా మోగిందాండీ?" అన్నాడు.

ఫోను పెట్టేసేను.

జులై 9, బుధవారం

భవాని ఫోను చేసింది. మావయ్యగారు ఒక అమ్మాయిని పంపిస్తారంట. ఇల్లు కొనేముందు ఆ అమ్మాయి వచ్చి పైనించి కిందిదాకా చూసి, ఏది బాగుంది ఏది బాలేదు ఫోటోలు తీసి రాసిస్తదంట. అదే ఆ పిల్ల ఉద్యోగమంట. దానికి ఫీజు.

మన ఇల్లు మనం చూసుకోడానికి ఫీజేంటి? రేపు అన్నం తింటే ఉప్పు సరిపోయిందో లేదో చెప్పడానిక్కూడా మనిషిని పెట్టుకుందాం.

ఆయన అంతేలే. ఐ.పోలవరంలో రొయ్యల చెరువులు చూస్తాడు. నీళ్లు సీసాలో పోసి ల్యాబుకి పంపకుండా చెరువులో చెయ్యి కూడా పెట్టడు. ల్యాబువాళ్లు కాగితమిస్తేనే నీళ్లు తడిగా ఉన్నాయని నమ్ముతాడు.

జులై 10, గురువారం

వద్దని గట్టిగా చెప్పేను.

జులై 11, శుక్రవారం

ఆదివారం వస్తదంట.

రాజోలు నతానియేలు మాస్టారి అమ్మాయంట. ఆయన నాకు తెలుసు. చర్చి కట్టినప్పుడు చుట్టూ పెట్టడానికి కొబ్బరిమొక్కలు నన్నే ఏరమన్నారు. ఇప్పటికీ కాస్తన్నాయి. మంచి మనిషి. వాళ్లమ్మాయైతే రానీ. నేను చూసిందే ఆ పిల్లా చెప్తది. అప్పుడు బావగారి మొహం చూడాలి.

జులై 13, ఆదివారం

కూచుని వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి నాకే వేరేగా గుర్తుంటది.

ఆ పిల్ల పేరు క్రిస్టీనా. స్కూటరు మీద వచ్చింది, వీపున సంచి. భవాని, నేను, బావగారు అప్పటికే ఉన్నాం. బావగారు గొడుగేసుకుని గేటు దగ్గరే నించున్నాడు. రాజబాబు మొహం ముడుచుకున్నాడు గానీ నా మొహం చూసి తాళం తీసేడు.

నేననుకున్నాను, వస్తూనే లోపలికెళ్లి గోడలు కొడతదని. ఆ పిల్ల లోపలికే వెళ్లలేదు. ఇంటి చుట్టూ నడిచింది. వాన పడితే నీళ్లు ఎటు పోతాయని రాజబాబుని అడిగింది. ఇది పల్లపు నేల, మట్టి తోలి మెరక చేసేరు కదా, ఎప్పుడు తోలేరు, ఎన్ని వానలు పడ్డాక కట్టేరు అని అడిగింది. రాజబాబు పోయినేడు తోలేమన్నాడు. పోయినేడే కట్టేమన్నాడు. ఆ పిల్ల వంగి మెట్లకీ గోడకీ మధ్య సందు చూపించింది. నా అరచెయ్యి దూరింది అందులో. మట్టి కిందికి దిగుతోందంట, మెట్లు మట్టితో పాటు వెళ్లిపోతన్నాయంట, ఇల్లు వెళ్లటం లేదు, అదృష్టం.

కిటికీల పైన సన్‌షేడ్ల అడుగున సన్నగా గీతలున్నాయి. రంగేసేరు గానీ రంగు లోంచి తుప్పు మరక కనపడుతోంది. ఇసక ఎక్కడిదని అడిగింది. రాజబాబు ఏట్లోదన్నాడు. ఏట్లో ఎక్కడిది, సముద్రం వైపుదా అంది. ఉప్పు తగిలిన ఇసకైతే లోపలి ఊచ తుప్పు పట్టి ఉబ్బి సిమెంటుని తోసేస్తదంట. "ఉప్పిసకేనని నేను రాయనండి, నాకు తెలీదు. తుప్పు మరక ఉందని రాస్తాను. అది కనపడుతుంది గాబట్టి," అంది.

అది నాకు నచ్చింది. తెలీంది తెలీదంటది.

లోపలికొచ్చేక ప్రతి స్విచ్చి పెట్టెలోనూ చిన్న బుడ్డిది గుచ్చి చూసింది. దీపాలు వెలుగుతాయి దానికి. ఎర్త్ వైరు లేదంట. మూడో కన్నం ఉంది, దానెనకాల వైరు లేదు, ఉత్త కన్నం. గీజరు దగ్గర కూడా అంతే. భవాని అది విని మెడ పట్టుకుంది. మస్కట్లో ఎవరికో షాకు కొట్టిందంట, ఎప్పుడూ చెప్పలేదు మాకు.

కుళాయిలన్నీ ఒకేసారి తిప్పింది. స్నానాలగదిలో చెంబుడు నీళ్లు పోసి, అవి ఎటు పోతాయా అని నిలబడి చూసింది. అవి ఎటూ పోలేదు. మూల చేరి కూచున్నాయి. బోరు నీళ్లు సీసాలో పట్టింది. అప్పుడొక్కసారే బావగారు నోరు తెరిచేడు, ల్యాబుకేనా అమ్మా అన్నాడు. అవునండి అంది. తృప్తిపడ్డాడు.

ఇంక గోడలు. సంచిలోంచి సన్నటి ఊచ తీసింది, చివర ఇనప గుండు. దాంతో టక్‌టక్‌మని కొట్టుకుంటూ వెళ్లి, అక్కడక్కడ సుద్దతో సున్నా చుడుతోంది. చూస్తన్నా, నేను పాసు చేసిన చోటల్లా సున్నాయే. పడమటి గోడకొచ్చేసరికి పెద్ద సున్నా, దాని పక్కన ఇంకోటి, రెండూ కలిపి పనసకాయంత చేసింది.

ఆగలేకపోయేను. "అమ్మా, ఆ గోడ ఎంత బాగా మోగుతోందో విన్నావా?"

"విన్నానండి తాతగారూ. అందుకే సున్నా చుట్టేను."

"మోగితే మంచిది కదమ్మా."

ఆ పిల్ల నవ్వలేదు. ఊచ కిందబెట్టి నా దగ్గరికొచ్చింది. "మీరు కురిడీ చూసేవారని నాన్నగారు చెప్పేరండి. గుండు చిప్పని వదిలేస్తేనే కదండీ కాయ మోగేది?"

"ఆయ్," అన్నాను.

"గోడా అంతేనండి. పైపూత ఇటుకని వదిలేస్తేనే మోగుద్ది. కాయలో వదిలేస్తే మంచిది. గోడలో వదిలేస్తే డొల్లండి, ఎప్పుడో ఊడుద్ది."

వంటింటి దగ్గర మూగ గోడ ఉందే, నేను తక్కువరకం అన్నది, అది ఇంటికంతటికీ మంచి గోడంట.

తర్వాత రెండు ముళ్లున్న ఇంకో పరికరం తీసి పడమటి గోడకి ఆనించింది. అంకె ఎగిరింది. తడంట లోపల. ఆ గదికొక్కదానికే కొత్త రంగేసేరు కదండీ అని రాజబాబుని అడిగింది. ఆయన బయటికెళ్లి ఫోను మాట్లాడుకున్నాడు.

చల్లగా హాయిగా ఉందన్నాను ఆ గోడని.

బావగారి వైపు చూసేను, ఇంక నవ్వుతాడని. నవ్వలేదు. గొడుగు చివర్తో నేల మీద గీస్తన్నాడు. నవ్వితే బాగుండేది.

పోయేముందు ఆ పిల్ల డాబా మీద నీళ్ల గొట్టాలు గుడ్డలు కుక్కి మూసి, పైన నీళ్లు కట్టి వదిలింది. మర్నాడొచ్చి కింద చూస్తానంది.

జులై 14, సోమవారం

స్లాబు కారలేదు. ఒక్క చుక్క కూడా లేదు. "అది కూడా రాయమ్మా," అన్నాను. "మంచివి కూడా రాస్తానండి తాతగారూ. బాగున్నది బాగుందని రాయకపోతే మిగతాది ఎందుకు నమ్ముతారు," అంది.

కొనమంటావా వద్దంటావా అని అడిగేను. అది నేను చెప్పకూడదండి అంది. ఉన్నదేదో చెప్పడం వరకే నా పని, కొన్ని బాగు చేయించుకునేవి, కొన్ని బేరంలో తగ్గించుకునేవి, కొన్ని చూసి దణ్ణం పెట్టి వచ్చేసేవి, ఏవి ఎటో మీరు తేల్చుకోవాలి అంది.

నేను తేల్చుకునేదేముంది. ఇల్లు భవానిది.

జులై 15, మంగళవారం

మా అరుగు గోడ కొట్టి చూసేను. మెటికతో కాదు, తాళంచెవితో. చాలా బాగా మోగింది.

రత్నం లోపల్నించి బియ్యం చెరుగుతూ అంది, "అది మోగీ మోగే కదండీ అన్నయ్యగారి పాయసంలో పడింది."

పెళ్లికి నెల ముందు నేనే కొట్టి చూసి, గోడ గంటలా ఉంది, సున్నమేస్తే చాలన్నానంట. నాకు గుర్తు లేదు. ఆవిడకి అన్నీ గుర్తుంటాయి.

జులై 16, బుధవారం

వాన. ఏమీ లేదు.

జులై 17, గురువారం

రత్నం అన్నం పెట్టి ఎదురుగా కూచుంది. ఆవిడ అలా కూచుంటే ఏదో ఉందని. నేను తింటంటే చెప్పింది. భవాని ఆ ఇల్లే తీసుకుంటదంట. శ్రావణంలో రిజిస్ట్రేషను, వరలక్ష్మీవ్రతం ఆ ఇంట్లోనే. నాగబాబు క్రిస్టీనా రాసిచ్చిన కాగితం చూసి ఒద్దన్నాడంట, బావగారూ ఒద్దన్నాడంట. ఇదొక్కతే ఒప్పుకోవటం లేదంట.

ఎందుకు అన్నాను.

"మీరు చెయ్యేసేరంట కదా," అంది.

నేనిక్కడ రాయలేదు గానీ అందరికీ తెలిసిందే, కొబ్బరికాయల రాశి మీద చెయ్యేసేనంటే బేరం అయిపోయినట్టే. మా అంబాజీపేటలో కాగితం లేదు, సంతకం లేదు. రాశి చుట్టూ తిరిగి, కాయ చూసి, రాశి మీద అరచెయ్యి ఆనిస్తే ఇంక ఆ కాయ నాది. నా పేరు పెట్టి, సత్తిరాజు చెయ్యి పడితే లారీ కదిలినట్టే అనేవారు. ఆ రోజు ఆ గోడ మీద నా చెయ్యి ఉత్తినే పడలేదు. ముత్యాలరాజు చూస్తన్నాడు, పెద్దమనుషులు చూస్తన్నారు. "చెయ్యేసేను పో," అన్నాను కూడా.

బావగారి కంటే ముందు నేను ఖాయం చెయ్యాలని వేసేను. వేరే కారణం లేదు.

భవాని వాళ్లమ్మతో అందంట. "నాన్న చెయ్యి తీయించి ఊళ్లో తలొంచుకునేలా నేను చెయ్యనమ్మా. గోడ ఊడితే మళ్లీ పూయించుకుంటాం. నాన్న మాట ఊడితే పూయించలేం కదా."

నాకు ఒక్క కొడుకు కూడా లేడని ఎవరో జాలిపడేవారు. ఎవరో మర్చిపోయేను.

అన్నం తిన్లేకపోయేను. కూర బాలేదన్నాను. కూర బాగానే ఉంది.

జులై 18, శుక్రవారం

బావగారు వచ్చేడు. ఐ.పోలవరం నించి బస్సులో, వానలో, రొయ్యలు పట్టుకుని. కుర్చీ ఎత్తుకుని చెట్టు కిందకి వెళ్లబోయి, వాన కదా, ఆగి అరుగు మీదే ఓ చివర వేసుకున్నాడు. రెండుసార్లు పైకి చూసేడు.

కాఫీ తాగేక గొంతు సవరించుకున్నాడు. "బావగారూ, నేనొకటి చెప్తాను, కోపం తెచ్చుకోకూడదు. తప్పు నా మీద వేసేయండి. ఆ ఇంటికి ఈశాన్యం తగ్గిందని మా వియ్యంకుడు పేచీ పెట్టేడు, మొండిమనిషి, చస్తే ఒప్పుకోటం లేదు అని రాజబాబుతో చెప్పండి. నేను నలుగురిలో అరుస్తాను కూడా. మీ చెయ్యి మీకుంటది, పిల్లకి వేరే ఇల్లు చూసుకోవచ్చు."

"ఆ ఇంటికి ఈశాన్యం బాగానే ఉందండీ," అన్నాను.

"ఆ ఇంట్లో బాగున్నది అదొక్కటేనండి. దాన్నే తిట్టాల్సొస్తంది, ఏం చేస్తాం."

నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

అన్నేళ్ల నించీ నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసిన మనిషి, నాకోసం నలుగురిలో మొండోడు అనిపించుకోడానికి బస్సెక్కి వచ్చేడు. వద్దండీ అన్నాను. నా చెయ్యి నేనే చూసుకుంటానన్నాను.

ఆయన వెళ్లేక రత్నం అంది, కాస్త మంచిగా మాట్లాడి పంపొచ్చు కదండీ అని. నేను మంచిగానే మాట్లాడేను. గొడుగు మర్చిపోతే బస్సుదాకా వెళ్లి ఇచ్చొచ్చేను కదా.

రొయ్యలు బాగున్నాయి.

జులై 19, శనివారం

పొద్దున్నే ఒక సంగతి తట్టింది. రత్నం కొబ్బరికాయ కొడుతోంది పచ్చడికి. కొట్టి, ముక్క విరిచి వాసన చూసి, పక్కన పడేసింది. కుళ్లు. పైకి బ్రహ్మాండంగా ఉంది కాయ.

చెవి ఒక్కదాన్ని నమ్మి నేనెప్పుడు లారీ నింపేను? ఎప్పుడూ లేదు. చెవితో ఏరేవాణ్ణి. ఏరేక రాశిలోంచి మచ్చు కాయ తీసి కొట్టించేవాణ్ణి. అడుగు నించి ఒకటి, నడిమి నించి ఒకటి, వాళ్లు దాచిన మూల నించి ఒకటి. కొట్టి లోపల చూసేకే చెయ్యి. మచ్చు కొట్టకుండా చెయ్యేసేవాణ్ణి మేం పిచ్చోడనేవాళ్లం.

పోయినాదివారం క్రిస్టీనా చేసింది మచ్చు కొట్టడమే. పగలగొట్టకుండా కొట్టింది, అంతే తేడా. కాయకి లేని అదృష్టం ఇంటికుంది, పగలగొట్టకుండా చూడొచ్చు. ఆ పిల్ల నాకు పద్ధతి చెప్పి చూపిస్తంటే, నేను బావగారి మొహం చూస్తా కూచున్నాను.

రేపు అమలాపురం వెళ్తాను.

జులై 20, ఆదివారం

భవానిని తీసుకుని రాజబాబు ఇంటికెళ్లేను. ఆరోజున్న పెద్దమనుషులని కూడా పిలిపించమన్నాను. చాటుగా తీసే చెయ్యి కాదు ఇది. భవాని దారంతా నాన్నా వద్దు నాన్నా అంటానే ఉంది. నువ్వూరుకో అన్నాను.

అమ్మే ఇల్లు పక్కనే కదా, అందర్నీ ఆ హాల్లోకే తీసుకెళ్లేను. పడమటి గోడ మీద క్రిస్టీనా చుట్టిన సున్నా అలాగే ఉంది. దాని మీద మళ్లీ అరచెయ్యి ఆనించేను.

"ఇక్కడే కదా నేను చెయ్యేసింది," అన్నాను.

"అవునండి, పెద్దాయన చెయ్యి పడింది, ఇంక తిరుగులేదనుకున్నామండి," అన్నాడు రాజబాబు. తెలివైనవాడు.

"మచ్చు కొట్టేక వేసేనా, కొట్టకముందు వేసేనా?"

రాజబాబుకి అర్థం కాలేదు. వాడికి సిమెంటు తెలుసు, కాయ తెలీదు. ముత్యాలరాజుకి అర్థమయ్యింది. మూల కుర్చీలో కూచుని తల కిందికి దించి నవ్వుతున్నాడు. నేను ఆయన్నే అడిగేను, నువ్వు చెప్పు ముత్యాలరాజూ, మన పేటలో మచ్చు పడకుండా చెయ్యి పడితే ఏంటి లెక్క అని.

కొడుకు వైపు చూసేడు. నా వైపు చూసేడు. పాపం, కొడుకు అమ్మకం. కానీ బండి తోలినన్నాళ్లూ ఒక్క కాయ తక్కువ దించని మనిషి.

"మచ్చు పడని చెయ్యి చెయ్యి కాదురా బాబూ," అన్నాడు కొడుకుతో. "మచ్చు చూసి తీసెయ్యొచ్చు. పెద్దాయన్ని తప్పు పట్టేది లేదు."

"అయితే తీస్తన్నాను," అని గోడ మీంచి చెయ్యి తీసేను.

బరువేమీ అనిపించలేదు. గోడ మీంచి చెయ్యి తీసినట్టే ఉంది.

తర్వాత రాజబాబుతో నిదానంగానే మాట్లాడేను. స్లాబు బాగా వేసేవయ్యా, అది కాదన్ను. ఎర్త్ వైరు లాగించు. పడమటి గోడ పూతంతా కొట్టించి, తడి ఎక్కణ్ణించొస్తందో చూపించి, మళ్లీ పూయించు. సన్‌షేడ్లు కొట్టి ఊచ చూపించు. ఊచ పోయుంటే చెప్పు, మేం వేరే ఇల్లు చూసుకుంటాం, నీ మీద కోపం లేదు. చేయిస్తానంటే పని అయ్యేక ఆ అమ్మాయే వచ్చి మళ్లీ కొట్టి చూస్తది. అప్పుడు చెయ్యేసేది భవాని. నేను కాదు. అవునో కాదో శుక్రవారం, శ్రావణం మొదటిరోజు పొద్దున్నకి చెప్పమన్నాను. ఆలోచిస్తానండి అన్నాడు. ఆలోచించు. ఇన్నాళ్లూ అది చెయ్యకే ఇదంతా వచ్చింది.

వ్రతం ఎక్కడ చేసుకుంటావే అని భవానినడిగేను, దార్లో. అద్దింట్లో లక్ష్మీదేవి రాదా ఏంటి నాన్నా అంది. ఆటోలో నా చెయ్యి తీసుకుని, అరచేతికంటిన సుద్ద కొంగుతో తుడిచింది. తుడిచి, వదలకుండా పట్టుకునే కూచుంది. అంబాజీపేట దాకా.

జులై 21, సోమవారం

క్రిస్టీనాకి ఫోను చేయించి మా ఇంటికి రమ్మన్నాను. ఫీజు ఇస్తేనే రమ్మన్నాను, ఊరికే వద్దని. వచ్చింది. అరుగు గోడ నిండా సున్నాలు చుట్టింది. రత్నం పక్కనే నించుని, ఇక్కడ కూడా కొట్టమ్మా, ఇక్కడ కూడా అని చూపిస్తంది, నా తప్పులన్నీ ఆ పిల్ల చేత సున్నాలు చుట్టించుకుంటన్నట్టు. పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి వండిన పొట్టిక్కలు పెట్టింది. క్రిస్టీనా నాలుగు తిని, పనసాకు గిన్నెలు అంత బిగువుగా ఎలా కుట్టేరండీ అని అడిగింది. రత్నం ఇంక ఆ పిల్లని వదల్లేదు.

అప్పుడే మేస్త్రీ వచ్చి డొల్లంతా కొడుతున్నాడు. అరుగంతా పెచ్చులే. ఇంత ఊడేది ఉండగా ఒక్క పెచ్చే పడిందంటే బావగారు అదృష్టవంతుడు.

ఆయనకి ఫోను చేసేను. వచ్చే ఆదివారం భోజనానికి రావాలన్నాను. అప్పటికి గోడ పూత అయిపోద్ది, క్రిస్టీనా శనివారమొచ్చి కొట్టి చూసి, మోగటం లేదని చెప్పాకే విస్తరేస్తామన్నాను. చెట్టు కింద కుర్చీ ఉండదు, అటకెక్కించేసేను. పెళ్లినాడు కూచున్న చోటే, ఆ గోడ కిందే కూచోవాలి. పాయసం పోస్తాం. పైకి చూడకుండా తినాలి.

తిని, చెయ్యి కడుక్కునే లోపల, ఆ రోజు అన్న మాట ఉంచుకుంటారో తీసుకుంటారో చెప్పాలన్నాను.

"కాయ తెలుసన్నది కూడా తీసుకోవాలాండీ?" అన్నాడు.

అది ఉంచుకోమన్నాను. ఇల్లు తెలీదన్న రెండోది తేల్చాలి. ఆదివారం. మధ్యాహ్నం. అంతకంటే ఒక్కరోజు ఆగను.